స్లో స్పీడులో నిలబడని బళ్లు

మా రోజుల్లో బానెట్ ఎత్తితే ఇంజన్ కనబడేది. ఇప్పుడు నల్ల ప్లాస్టిక్ మూత కనబడుతోంది. ఆ మూత కింద ఏముందో బండిగలాయనకి తెలియదు, తెలుసుకుందామనీ లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణికినా, ఏసీ వెయ్యగానే ఇంజన్ కుంగి కుంగి లేస్తున్నా పాట సౌండు పెంచుకుని కూర్చుంటున్నారు. నడిరోడ్డు మీద ఆగిపోయిన రోజున ఫోన్ చేసి షెడ్డుకి తోలిస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. స్లో స్పీడు, అంటే బండి ఆగి ఉండగా ఇంజన్ తిరిగే వేగం, పాడవడమనేది ఒక్క రోజులో వచ్చేది కాదు. బండి నెలల తరబడి చెబుతూనే ఉంటుంది, వినేవాడే లేడు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. అప్పటిదాకా అంబాసిడర్లు, ఫియట్లు తోలిన మా చెవులకి దాని చప్పుడు కొత్త. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు అరచుట్టు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ ఫైర్ అవుతుంది. మూడు సిలిండర్లకైతే 240 డిగ్రీలకి ఒకసారి. అందుకని ఈ చిన్న బండికి పుట్టుకతోనే కాస్త వణుకుంది. అది రోగం కాదు. ఆ మూడింట్లో ఒకటి పట్టడం మానేస్తే మాత్రం బండి మొత్తం ఊగిపోతుంది. సైలెన్సర్ గొట్టానికి కాస్త ఎడంగా అరచెయ్యి పెడితే గాలి సమంగా తగలదు, మధ్యమధ్య దెబ్బ తప్పుతుంది. పుట్టు వణుకేదో, మిస్ కొట్టే వణుకేదో తేల్చుకోవడంతోనే మా పని మొదలయ్యేది.

ఆదివారం పొద్దున్నే బండి బయటపెట్టి, ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, రబ్బరు తొడుగున్న పట్టుకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూసేవాళ్లం. ఏ వైరు తీసినా ఇంజన్ ఇంకాస్త కుంగాలి. తీసినా చప్పుడు మారలేదంటే ఆ సిలిండరే పనిదొంగ. ప్లగ్గు విప్పి మొన చూస్తే సగం సంగతి తెలిసిపోయేది. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువైంది. నూనె తడి ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి, అది ఇంట్లో తేలే పని కాదు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు మాడితే సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేసేవాళ్లం. ఆఖరున కార్బురేటర్. మిక్చర్ స్క్రూని మెల్లగా తిప్పుతూ ఇంజన్ ఎక్కడ హాయిగా, వేగంగా తిరుగుతుందో అక్కడ ఆపి, స్పీడు స్క్రూతో 900 ఆర్‌పీఎం దరిదాపుల్లోకి దింపేవాళ్లం. టాకోమీటర్ ఎవరికుంది? చెవే టాకోమీటర్.

2000 వచ్చేసరికి కాలుష్యం రూల్సు బిగిశాయి. కార్బురేటర్ పోయి, కంప్యూటర్ లెక్క చూసి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మించే ఎంపీఎఫ్ఐ వచ్చింది. పొగ తగ్గింది, చలిలో చోక్ లాగే బాధ తప్పింది, ఆ మేలు కాదనను. కానీ ఆ కంప్యూటర్ చిన్న చిన్న లోపాల్ని కప్పిపుచ్చుతుంది. ఎక్కడో సన్నగా గాలి లాగుతుంటే ఆక్సిజన్ సెన్సర్ చూసి కబురు చేస్తుంది, కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచి సర్దేస్తుంది. గాలి దారిలో తెరుచుకునే బటర్‌ఫ్లై రేకు చుట్టూ మసి పేరుకుంటే ఇంకో దారిన గాలి వదిలి స్లో స్పీడు నిలబెడుతుంది. సర్దీ సర్దీ ఇక తన వల్ల కానప్పుడే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు అందరికీ తొందర.

మొన్నీమధ్య పక్కింటి కుర్రాడు వచ్చాడు. "బాబాయ్ గారూ, స్కానర్‌లో పీ0300 అని వచ్చిందండీ, ఇంజెక్టర్లన్నీ మార్చాలన్నారు," అన్నాడు. ఆ నంబరుకి అర్థం సిలిండర్లు అక్కడొకసారి ఇక్కడొకసారి మిస్ అవుతున్నాయని, అంతే. ఎందుకు మిస్ అవుతున్నాయో అది చెప్పదు. ఇంజెక్టర్లు పోయాయని అసలే చెప్పదు. బండి స్టార్ట్ చెయ్యమన్నాను. వదిలేస్తే వణుకుతోంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే కుదుటపడుతోంది. గాలి లాగే బండి లక్షణం ఇదే. స్లో స్పీడులో ఇంజన్ పీల్చేదే కొంచెం, అందులో దొంగగాలి కలిస్తే మిక్చర్ పలచబడిపోతుంది. స్పీడు పెరిగితే ఆ గాలి లెక్కలోకి రాదు.

మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకున్నాను, రెండో కొస ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెంబడి, దానికి వచ్చే వాక్యూమ్ గొట్టాల వెంబడి మెల్లగా జరుపుతూ పోయాను. బ్రేకు బూస్టర్ గొట్టం దగ్గర ఏమీ లేదు. వెనకవైపు సన్నటి గొట్టం దగ్గర సుయ్‌మని వినిపించింది. బొటనవేలితో నొక్కి పట్టుకుంటే వణుకు ఆగిపోయింది. లైటు వేసి చూస్తే ఎలక పళ్ల గాట్లు. చివర కోసి మళ్లీ తొడిగాం. ఆటోనగర్‌లో మీటరు లెక్కన దొరికే గొట్టం ముక్క తెచ్చి మర్నాడు మార్చాడు. ఇంజెక్టర్ల ఎస్టిమేటు కాగితం వాడి జేబులోనే ఉంది. ఆ షెడ్డులో బానెట్ ఎత్తిన మనిషి చెవి పెట్టి ఉంటే ఆ కాగితం పుట్టేదే కాదు.

ఇప్పటి బళ్లకి ఇంట్లో చెయ్యడానికి ఏమీ లేదనడం ఒట్టి బద్ధకం. బ్యాటరీ నెగటివ్ తీసి, గాలి గొట్టం విప్పి, థ్రాటిల్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో బటర్‌ఫ్లై అంచున ఉన్న మసి తుడవొచ్చు. తాళం ఆన్‌లో ఉండగా బటర్‌ఫ్లైని వేలితో తొయ్యకూడదు, వెనక మోటారు ఉంటుంది. తుడిచాక మొదటిసారి స్టార్ట్ చేస్తే ఇంజన్ కాసేపు ఎక్కువ రేసులో తిరగొచ్చు, కొన్ని బళ్లకి స్కానర్‌తో స్లో స్పీడు మళ్లీ నేర్పించాలి, కంగారు పడొద్దు. ప్లగ్గు వైర్లకు బదులు ఇప్పుడు చాలా బళ్లలో ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటోంది. నడుస్తుండగా దాన్ని పీకొద్దు. బండి ఆపి, అనుమానం ఉన్న కాయిల్‌ని పక్కదానితో మార్చండి. ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని చెప్పే పీ0301 కాస్తా రెండోదాని పీ0302 అయిందంటే దోషం కాయిల్‌దే, దానితోపాటే జరిగింది. మారకపోతే ప్లగ్గు చూడండి, ఆ తర్వాతే ఇంజెక్టర్ మాట. చేసేదేదైనా ఆరుబయట చెయ్యండి. షట్టర్ దించిన షెడ్డులో ఇంజన్ నడపడం ప్రాణం మీదికి తెస్తుంది. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, తువ్వాలు భుజాన వేసుకుని బానెట్‌లోకి వంగకండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఇంజన్ చప్పుడు సమంగానే ఉంటుంది, సైలెన్సర్ దగ్గర గాలీ సమంగానే తగులుతుంది, వణుకు మాత్రం సీటుకీ స్టీరింగ్‌కీ వస్తుంది. అది ఇంజన్ రోగం కాదు, ఇంజన్‌ని మోసే మౌంటింగ్ రబ్బరు అణిగిపోయింది. దానికి ఇంజెక్టర్ క్లీనింగు చేయించి డబ్బు పోసినవాళ్లని చాలామందిని చూశాను. క్లీనింగ్ అయ్యాక వణుకు అలాగే ఉంటే "పాత బండి కదండీ" అని సాగనంపుతారు.

కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. షెడ్డుకి ఇచ్చేటప్పుడే పాత సామాను నాకివ్వాలని జాబ్ కార్డు మీద రాయించండి. ప్లగ్గులు మార్చామంటే పాతవి ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే పెట్టించుకుని, వెలుతురులో మొనలు చూసుకోండి. అన్నీ లేత గోధుమ రంగులో పొడిగా ఉండి, మొనలు అరక్కుండా, మార్చాల్సిన కిలోమీటర్లు ఇంకా రాకుండా ఉంటే, వాటిని ఎందుకు మార్చారో అక్కడే నిలబడి అడగండి. బిల్లు ఆ తర్వాత కట్టొచ్చు.