బిళ్ళగన్నేరు స్వీయచరిత్ర

నీరు పోసినను పోయకున్నను, గోడవారనో బావిగట్టుననో నిలిచి, ఏడాది పొడుగునా తెల్లగనో గులాబిరంగుననో అయిదు రేకుల పూలు పూచెడి నన్ను ఎఱుగని తెలుగు లోగిలి అరుదు. నా పుట్టినిల్లు మాత్రము మడగాస్కరు ద్వీపము. ఓడలవెంట తరలి ఉష్ణదేశములన్నిటను కాపురము పెట్టితిని.

మధుమేహమునకు మందునని నాకు చిరకాలముగా పేరు. అందలి నిజమును తేల్చుటకై 1952లో జమైకా నుండి నా యాకులు కెనడాకు చేరినవి. అచ్చట రాబర్టు నోబుల్ అను శాస్త్రజ్ఞుడు నా కషాయమును ఎలుకలకు సూదితో ఎక్కింపగా, చక్కెర తగ్గలేదు గాని, నెత్తుటిలోని తెల్లకణములు క్షీణించి ఆ ఎలుకలు అంటురోగముల పాలై చచ్చినవి. ఆ మరణములను వైఫల్యమని త్రోసిపుచ్చక, తెల్లకణములు అదుపుతప్పి పెరిగెడి లుకేమియా అను రక్తక్యాన్సరుకు ఇదియే విరుగుడు కారాదా యని యోచించి, చార్లెస్ బీర్ అను మఱొక శాస్త్రజ్ఞునితో కూడి ఆయన నాలోని విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుపఱచి 1958లో ప్రకటించెను. పిమ్మట ఎలీ లిల్లీ అను మందుల సంస్థవారు నాలోనే కనుగొనిన విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో ఆమోదము లభించెను.

కణము రెండుగా చీలునపుడు జన్యుపదార్థమును ఇరువైపులకు లాగు సన్నని దారములు దానిలో అల్లుకొనును; నా సారము వాని నల్లుకొననీయదు, చీలలేని కణము నశించును. బాలలకు వచ్చు తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో తొలి విడతయందు వారమునకొకమారు విన్‌క్రిస్టిన్ రక్తనాళములోనికి పోవును. స్టెరాయిడును, ఆస్పరాజినేజు అను మందును తోడురాక నే నొంటరిగా సాధింపగలది స్వల్పము. అటుపై దీర్ఘకాలము వాడెడి మందులలో 6-మెర్కాప్టోప్యూరిన్ సరసన, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేటు నిలుచును. హాడ్జికిన్ లింఫోమా అను మఱొక క్యాన్సరుకిచ్చు ఏబీవీడీ అను నాలుగు మందుల కూర్పులో ‘వీ’ నా విన్‌బ్లాస్టినే.

గుణములు చెప్పినపుడు దోషములును చెప్పవలయును. వ్రేళ్లు తిమ్మిరెక్కి, చొక్కా గుండీ పెట్టుకొనలేక తల్లివంక చూచెడి బాలుని యవస్థయు, మలబద్ధమును, రాలిన జుట్టును నా చేతలే. నాళము తప్పి జారినచో కండను మాడ్చుదును. పొరపాటున వెన్నులోనికి ఎక్కించినచో ప్రాణమునే హరింతును. కావుననే జాగరూకత గల ఆసుపత్రులలో నన్ను సిరంజిలో గాక చిన్న సెలైను సంచిలో కలిపి, మందు పేరును రోగి పేరును సరిచూచిన పిదపనే నర్సమ్మలు ఎక్కింతురు.

క్యాన్సరుకు మంచిదని విని నా యాకును నూరి త్రాగువారు నేటికిని కలరు. బస్తాలకొలది ఎండుటాకు నుండి లేశముగా తీసి, రోగి శరీరపరిమాణమును బట్టి మిల్లీగ్రాములలో కొలిచి యిచ్చు ఔషధము వేఱు, దోసెడాకుల పసరు వేఱు. ఆ పసరు విషము. నా పూలను దేవునికి పెట్టుడు, ఆకును నోట పెట్టకుడు. ఎవరికి ఏ మందుల కూర్పు తగునో రక్తక్యాన్సరు వైద్యుని నిర్ణయమునకు విడువుడు, ఆయన మొదలిడిన చికిత్సను ఒంట్లో నెమ్మదించినదని నడుమ మానకుడు.