గడప దాకా ప్రభుత్వం, గడప దిగితే దైవాధీనం

కురిచేడు పేరు విన్నారా? వినకేం! 2020 జూలై ఆఖర్లో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోతే, కెమెరాలన్నీ ఇక్కడే దిగాయి. శవాలు లేస్తే పరిగెత్తుకొచ్చిన పెద్దలు, బతికున్న ముసలాళ్లకు ఓ సిమెంటు బెంచీ వేయడానికి ఎప్పుడొస్తారు?

రచ్చబండంటే వేపచెట్టు కింద నలుగురు పెద్దవాళ్లు కూర్చునే చోటనుకునేవాళ్లం. కాదట, సర్కారు కార్యక్రమమట! 2011లో ఆ పేరుతో ఊరూరా షామియానాలు లేచాయి. 2022లో 'గడప గడపకు మన ప్రభుత్వం' వచ్చింది. ఇప్పుడు ఒకటో తారీఖున 4,000 పింఛను ఇంటికే వస్తోంది. మంచిదే, కాదన్నదెవరు? మరి రెండో తారీఖు నుంచి గడప దిగితే కాలెక్కడ పెట్టాలి సారూ?

ఒక్కసారి కారు దిగి చూడండి. పాత రోడ్డు తవ్వేది లేదు. దాని మీదే సీసీ రోడ్డు, దాని నెత్తిన ఇంకో సీసీ రోడ్డు. బిల్లు బిల్లుకీ వీధి ఎదిగింది, అరుగు పల్లంలో పడింది. దారినపోయే ప్రతివాణ్నీ పేరుపెట్టి పలకరించిన అవ్వకు ఇవాళ కనబడేవి బైకు చక్రాలే. మధ్యలో మూతలేని సైడు కాలవ. దాని మీద కదిలే నాపరాయి ఒకటి. ఇదేమో ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు పట్టేసిన పడమటి ప్రకాశం. మంచినీళ్లివ్వనిదీ మీరే, ఆ మోకాళ్లతో కాలవ దూకమనేదీ మీరే!

రోజూ అరగంట నడవమంటాడు డాక్టరు. ఎక్కడయ్యా? మార్జిన్‌లో బండ్లు, బండ్ల పక్కన ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో నాయకుడు దారికడ్డంగా నిలబడి మరీ దణ్ణం పెడుతుంటాడు. పోనీ రైల్వే స్టేషన్లో నాలుగడుగులు వేద్దామా? వేయండి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని!

బెంచీ అడిగితే నిధుల్లేవు. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూయడానికి ఎక్కణ్నుంచొచ్చాయి? 2020లో కోర్టులు చివాట్లు పెడితే చెరిపి మళ్లీ వేయడానికో? రెండుసార్లూ మన సొమ్మే కదా!

2024 ఎన్నికల్లో 85 దాటినవాళ్ల ఓటు కోసం అధికారులు ఇంటికే వచ్చారు. పింఛను ఇంటికే, ఓటూ ఇంట్లోనే. ఇంక ముసలాళ్లకు వీధితో పనేముందని మీ లెక్క. ఒక్క పని మిగిలింది లెండి, నలుగురు భుజాల మీద మోసేది. ఆ పాడె అయినా ఈ కాలవ ఎలా దాటాలో కాంట్రాక్టరును అడిగి చెబుతారా?