రెండు వైపులా చూసే అట్ట

నేనొక అట్టను. నాలుగు ఫైలు అట్టల్ని పక్కపక్కనే పెట్టి గోధుమరంగు టేపు అంటిస్తే నేనయ్యాను. బల్ల మీద మడతలుగా నిలబెడితే నాకు ఒకవైపు నలుగురైదుగురు ఆటగాళ్ళు, ఇంకోవైపు ఒక్కరే కూర్చుంటారు. ఆ ఒక్కరిని డంజన్ మాస్టర్ అంటారు. కొన్ని ఆటల్లో గేమ్ మాస్టర్ అంటారు. నేను పుట్టింది 1980ల తొలి రోజుల్లో, అమెరికాలో మిచిగన్ సరస్సు ఒడ్డునున్న మిల్వాకీ నగరంలో, ఒక ఇంటి బేస్‌మెంటులో. నన్ను తయారుచేసిన కుర్రాడు అప్పటికింకా హైస్కూల్లో చదువుతున్నాడు. అతన్ని నేను మాస్టరనే అంటాను.

ఈ ఆట ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. ప్రతి ఆటగాడికీ ఒక పాత్ర ఉంటుంది. కత్తివీరుడో, మంత్రగత్తో, దొంగో, పూజారో. "మీ ముందు తడిసిన రాతిమెట్లు కిందికి దిగుతున్నాయి. అడుగున ఎవరో దగ్గిన చప్పుడు. ఏం చేస్తారు?" అంటాడు మాస్టరు. ఎవరేం చేస్తారో వాళ్ళు చెబుతారు. అది జరుగుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రాక్షసులు, రాజులు, సత్రం నడిపే ముసలమ్మ, కురిసే వాన, అన్నీ మాస్టరే. తోలుబొమ్మలాటలో తెర మీదే కథంతా కనిపిస్తుంది. నా మీద అలా ఏమీ కదలదు. ఆటగాళ్ళ వైపు మాస్టరు ఇంకు పెన్నుతో గీసిన కోట బొమ్మ, అతని వైపు లెక్కల పట్టికలు, అంతే. అతని కాగితాల్నీ పాచికల్నీ దాచడమే నా పని.

దాచేదాన్ని కాబట్టి నాకొకటి బాగా తెలిసింది. బల్ల చుట్టూ ఆటగాళ్ళకు సరదాగా ఉందా లేదా అని అందరూ చూస్తారు. నా వెనక కూర్చున్నవాడికి ఎలా ఉందో ఎవరికీ పట్టదు. చాలాసార్లు అతనికే పట్టదు.

ఇది ఆట పుట్టుకతో వచ్చిన సంగతి. 1969లో మినెసోటాలో డేవిడ్ వెస్లీ ఒక యుద్ధక్రీడను కొత్త తీరుగా నడిపాడు. సేనల్ని కదపడమే కాకుండా ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. దాన్ని బ్రౌన్‌స్టైన్ అన్నారు. అందులో ఆడిన డేవ్ ఆర్నెసన్ అదే బాటలో బ్లాక్‌మూర్ అనే ఊహాలోకం కట్టుకున్నాడు. తర్వాత లేక్ జెనీవా ఊళ్ళో ఉండే గారీ గైగాక్స్‌తో చేతులు కలిపాడు. అలా 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు వచ్చాయి. ఆ తొలి పుస్తకాలు ఆట నడిపేవాణ్ని రిఫరీ అనే పిలిచాయి. యుద్ధక్రీడల్లో రిఫరీ పని తగువు తీర్చడం. మన కొత్త ఆటలో అతని నెత్తిన లోకాన్ని సృష్టించే పని కూడా పడింది. పని అంత పెరిగినా, అతను కూడా ఆడుతున్నాడన్న ఆలోచన మాత్రం అంత త్వరగా రాలేదు.

మా మాస్టరు తొలి ఏళ్ళలో సరదా అంతా తన వైపే ఉంచుకున్నాడు. ఒక శుక్రవారం 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సాహసగాథ తెచ్చాడు. గైగాక్స్ దాన్ని 1975లో ఆరిజిన్స్ ఆటల సమ్మేళనంలో ఆడించాడు, 1978లో పుస్తకంగా వచ్చింది. ఆరితేరిపోయామని ధీమాగా ఉన్న ఆటగాళ్ళను పరీక్షించడానికే రాసిన సమాధి అది. అందులో ఒక నడవ చివర గోడకు చెక్కిన పచ్చటి దెయ్యం ముఖం ఉంటుంది. నోరు బార్లా తెరిచి ఉంటుంది, లోపలంతా చీకటి. ఆ చీకట్లోకి పోయింది ఏదైనా సరే మటుమాయం. ఎడమవైపు కూర్చున్న కుర్రాడు ఏడాదిగా పెంచుకున్న కత్తివీరుడితో "నేను దూరి చూస్తాను" అన్నాడు. మాస్టరు వేళ్ళు నా అంచును గట్టిగా పట్టుకున్నాయి. భయంతో కాదు, ఉత్సాహంతో. "దూరావు. ఇక లేవు" అన్నాడు. ఆ కుర్రాడు తన పాత్ర వివరాలున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మరుసటి శుక్రవారం రాలేదు.

ఆ సమాధిది తప్పని నేననను. చావుకు సిద్ధపడి, తెలివికి పదును పెట్టుకుని వచ్చేవాళ్ళకు అంత గొప్ప రాత్రి మరొకటి దొరకదు. కానీ వీళ్ళను ఎవరూ అడగలేదు. మాస్టరు ఎదురుచూసిన ఆట వేరు, ఆ కుర్రాడు ఎదురుచూసిన ఆట వేరు. ఈ రోజుల్లో చాలా బృందాలు కథ మొదలుపెట్టేముందు ఒకరోజు కూర్చుని ఎలాంటి ఆట కావాలో మాట్లాడుకుంటాయి. సెషన్ జీరో అంటారు దాన్ని. అప్పుడు ఆ అలవాటు లేదు.

తర్వాతి ఏళ్ళలో మాస్టరు పూర్తిగా ఆటగాళ్ళ వైపు ఒరిగిపోయాడు. ఎవరూ మళ్ళీ బల్ల వదిలి వెళ్ళకూడదని పట్టుబట్టాడు. రాక్షసుడి దెబ్బకు పద్దెనిమిది పడితే నా చాటున దాన్ని తొమ్మిది చేసేవాడు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో, పాచికను తోసిపుచ్చే హక్కు మాస్టరుకు ఉందని గైగాక్సే రాశాడు. ఎప్పుడో ఒకసారి వాడుకుంటే ఆ హక్కు మేలే చేస్తుంది. వారం వారం వాడితే ఆటను తినేస్తుంది. ఆటగాళ్ళకు తెలియదని అతననుకున్నాడు. పాచిక దొర్లినప్పుడు ముందుకు వంగే మెడలు వంగడం మానేశాయి. నేను వాళ్ళ ముఖాలు చూస్తున్నాను కదా, వాళ్ళకు తెలిసిపోయింది. అంతకన్నా విచారం, పాచిక వేసే మాస్టరే దానివైపు చూడడం మానేశాడు. ముందే ఖాయమైన ఫలితంలో అతనికి మాత్రం ఏం ముచ్చట?

2002లో రాబిన్ లాస్ అనే రచయిత ఆట నడపడం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒకరికి యుద్ధం కావాలి, ఒకరికి పన్నాగాలు కావాలి, ఇంకొకరికి పాత్రలో లీనమై మాట్లాడాలని ఉంటుంది, మరొకరికి నలుగురితో కూర్చుంటే చాలు. ఎవరికేం కావాలో తెలుసుకుని అది పెట్టమంటుంది ఆ పుస్తకం. మంచి పుస్తకమే. మాస్టరు అది చదివి ఒక పసుపుపచ్చ చీటీ రాసి నా లోపలి వైపు అంటించాడు. ఐదుగురి పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా వాళ్ళకిష్టమైనది. చక్కటి దస్తూరీ. ఆ చీటీలో అతని పేరు లేదు.

ఆఫీసు నుంచి రాగానే గళ్ళ కాగితం ముందేసుకుని అర్ధరాత్రి దాకా గదులు గీసేవాడు. వాటిలో సగం గదుల్లోకి ఎవరూ అడుగైనా పెట్టేవాళ్ళు కాదు. ఆట రోజు మధ్యాహ్నం ఇద్దరు ఫోన్ చేసి రావట్లేదని చెప్పేవాళ్ళు. చిప్సూ అతనే కొనాలి, కుర్చీలూ అతనే సర్దాలి, ఎవరి మంత్రం ఎంత దూరం పోతుందో అతనే గుర్తుంచుకోవాలి. నా మీద మాత్రం పొరలు పెరిగాయి. 1989 కూర్పు పట్టికల మీద 2000 నాటివి, వాటి మీద 2014 నాటివి. ఒక్కో పొర అంటించినప్పుడు అతని చేతుల్లో హుషారు ఎంత తగ్గిందో జిగురు మరకలే చెబుతాయి.

2014 కూర్పు వచ్చాక గుంటూరు నుంచి ఎం.ఎస్. చదవడానికి మిల్వాకీ వచ్చిన ఒకమ్మాయి బల్ల దగ్గర చేరింది. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఒకరోజు మాస్టరు వైపు వచ్చి చీటీ చూసింది. "ఇందులో మీ పేరేదండీ?" అని అడిగింది. మాస్టరు నవ్వాడు. పాచికల్ని సంచీలో వేసుకుంటూ, కాసేపాగి, "నాకు ఆడాలని ఉంటుంది. నేను ఆడి చాలా ఏళ్ళయింది" అన్నాడు. బల్ల అవతల ఉన్నవాళ్ళు అంతా విన్నారు. అన్నేళ్ళలో ఆ మాట వాళ్ళు వినడం అదే మొదలు.

అక్కణ్ణించి వంతులు పెట్టుకున్నారు. ఇదేం కొత్త ఉపాయం కాదు. 1987లో వచ్చిన 'ఆర్స్ మాజికా' అనే ఆట, కథ నడిపే బాధ్యత బృందంలో చేతులు మారాలనే చెప్పింది. ఒక కథ అయ్యాక ఆ అమ్మాయి నా వెనక కూర్చుంది, మాస్టరు అవతలికెళ్ళి దొంగ పాత్ర తీసుకున్నాడు. ఆటగాళ్ళ వైపున నేనతని ముఖాన్ని చూడడం అదే మొదలు. తాళం తీయబోతూ పాచిక చేతిలో గలగల ఆడిస్తుంటే అతని కళ్ళు హైస్కూలు కుర్రాడి కళ్ళే. ఇంకో మేలు కూడా జరిగింది. నా వెనక కూర్చుని వచ్చినవాళ్ళు మళ్ళీ ఆటగాళ్ళయ్యాక పనులు పంచుకున్నారు. ఒకరు పటం గీశారు, ఒకరు యుద్ధంలో ఎవరి వంతు ఎప్పుడో చూసుకున్నారు, ఒకరు గతవారం కథ చెప్పి ఆట మొదలుపెట్టారు. రాలేనివాళ్ళు ముందురోజే చెప్పడం మొదలైంది.

మాస్టరు నడిపే తీరూ మారింది. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' ఆటలో నడిపేవాడు పాచిక ముట్టనే ముట్టడు. ఏం జరగబోతోందో ముందే రాసిపెట్టుకోకుండా, ఆడుతూనే తెలుసుకోమంటుంది ఆ ఆట. అది చూశాక అతను కథ రాయడం మానేసి పరిస్థితులు మాత్రం రాసుకున్నాడు. ఎవరికి ఎవరి మీద పగ, ఏ వంతెన కూలడానికి సిద్ధంగా ఉంది, అంతే. మిగతాది ఆటగాళ్ళ చేతుల్లో పెట్టాడు. తర్వాత ఏమవుతుందోనని అతనూ ఎదురుచూశాడు. నా అభిప్రాయంలో మాస్టరుకు దక్కవలసిన సిసలైన ఆనందం అదే. తను కట్టిన లోకంలో ఇంకొకరు తను ఊహించని పని చేస్తే చూడడం.

ఆ అమ్మాయికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. మాస్టరు నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఇప్పుడు నేను ఫ్రిస్కోలో, తెలుగువాళ్ళు గుమిగూడే ఒక డైనింగ్ టేబుల్ మీద ఉంటున్నాను. ఆట తెలుగులోనే. మొన్న ఆమె వారమంతా కూర్చుని డ్రాగన్ గుహ సిద్ధం చేసుకుంది. ఆటగాళ్ళు ఊళ్ళోకి రాగానే అక్కడున్న సత్రం మీద మనసుపడ్డారు.

"అక్కా, డ్రాగన్ ఎక్కడికీ పోదుగా. ఆ సత్రం అమ్మకానికుందన్నావు, కొనేస్తాం."

పాత మాస్టరైతే తొలి ఏళ్ళలో సత్రానికి నిప్పంటించేవాడు, తర్వాతి ఏళ్ళలో గుహ కాగితాలు మౌనంగా పక్కన పెట్టేసేవాడు. ఆమె ఆ రెండూ చేయలేదు.

"కొనండ్రా. నాకూ సరదాగానే ఉంటుంది. కానీ యుద్ధాలు నడపడమంటే నాకు ప్రాణం, ఆ గుహ మీద ఆశ పెట్టుకున్నాను. రెండు వారాలు సత్రం నడపండి. ఆ తర్వాత గుహకు వెళ్ళే కారణం మీరే చెప్పాలి."

కాసేపు గుసగుసలు. చివర కూర్చున్న కుర్రాడు, "సత్రానికి సరుకు తెచ్చే బండ్లన్నీ ఆ డ్రాగనే తగలబెడుతోందనుకో అక్కా. మాకిక ఒళ్ళు మండదా?" అన్నాడు. ఆమె పెన్ను అందుకుని గబగబా రాసుకుంది. నా చాటున ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ డ్రాగన్ ఇప్పుడు ఆమెది మాత్రమే కాదు, అందరిదీ.

అన్నీ ఇంత సాఫీగా సాగవు. 2015లో, ఈ ఆట ఆడుతూ చూపించే క్రిటికల్ రోల్ ప్రసారం మొదలయ్యాక, మాట్ మెర్సర్ ఆట నడిపే తీరు ఎంతోమంది చూశారు. ఆయన వృత్తిరీత్యా గాత్రనటుడు, చుట్టూ ఆడేవాళ్ళూ అంతే. మా బల్లకు కొత్తగా వచ్చిన ఒకతను ప్రతి పాత్రకూ ఒక గొంతు కావాలని ఆశించాడు. "నాకు గొంతులు రావు తమ్ముడూ, లోకం కట్టడం వచ్చు" అంది ఆమె. అతనికది సరిపోలేదు, వేరే బల్ల వెతుక్కున్నాడు. అది ఇద్దరికీ మంచిదే. ఒకరిని అరగదీసి నిలబెట్టే ఆట నిలవకపోయినా ఫరవాలేదు.

ఆమె పాచికలు ఇప్పుడు నా ముందు, అందరూ చూసేలా వేస్తుంది. నేను దాచేది పటాల్ని, రహస్యాల్ని మాత్రమే.

ఈ ఆట ఆడేవాళ్ళకు నాదొక విన్నపం. వచ్చే ఆటకు చిప్సు మీరు తీసుకెళ్ళండి. ఆట అయ్యాక లేచిపోకుండా, అందులో మీ మాస్టరుకు ఏది నచ్చిందో అడగండి. ఈ కథ పూర్తయ్యాక తర్వాతి కథ నడపడానికి మీలో ఒకరు ముందుకు రండి. ఆరోజు మీ మాస్టరును ఆటగాళ్ళ వైపు కూర్చోబెట్టి, చేతికి పాచిక ఇవ్వండి.