డేటన్న

"03/04 అంటే ఏంటి తమ్ముడూ?" అని ఎవరైనా మిమ్మల్ని తాపీగా అడిగితే నోరు మెదపకండి. ఏప్రిల్ మూడన్నారో, "మరి అమెరికా క్లయింటు మార్చి నాలుగనుకుంటాడే!" అంటాడు. పోనీ మార్చి నాలుగన్నారో, "గచ్చిబౌలిలో కూర్చుని మార్చి నాలుగంటావేం?" అంటాడు. ఆయనే డేటన్న. మాదాపూర్ చుట్టుపక్కల ఏ సాఫ్ట్‌వేర్ టీముని కదిపినా ఒకడు తగులుతాడు. అసలు పేరు హెచ్ఆర్ వాళ్లకి తెలిసే ఉంటుంది.

డేటన్న దగ్గర సర్వరోగాలకీ ఒకటే మందు, ఐఎస్ఓ 8601. 1988లో వచ్చిన ప్రమాణం. ముందు సంవత్సరం, ఆ తర్వాత నెల, ఆఖర్న రోజు: 2025-04-03. ఇలా పేరు పెడితే ఫైళ్లు వాటంతటవే తేదీల వరసలో నిలబడతాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త జీరబోతుంది. ఇంట్లో పాల లెక్క నుంచి మేనకోడలి పెళ్లి ఫోటోల దాకా అన్నీ ఈ పద్ధతిలోనే. బ్యాంకు చెక్కు మీద గళ్లు రోజుతో మొదలవుతాయని చెక్కులు రాయడమే మానేశాడు.

కోడ్ రివ్యూలో కూర్చోబెడితే మాత్రం మనిషి వేరు. జావాలో పెద్ద ఎం అంటే నెల, చిన్న ఎం అంటే నిమిషం. తారుమారు చేస్తే పొద్దున 10:45కి కొట్టిన బిల్లు మీద 45వ నెల పడుతుంది. పెద్ద డి వేస్తే నెలలో రోజు కాక ఏడాదిలో ఎన్నో రోజో వస్తుంది. ఫిబ్రవరి ఒకటి కాస్తా 32 అయి కూర్చుంటుంది. ఇవన్నీ ఆయనకి చిల్లర దొంగతనాలు. ఎవరైనా పట్టుకుంటారు.

అసలు దొంగ పెద్ద వై. సంవత్సరానికి నాలుగు చిన్న వైలు వేయాల్సిన చోట పెద్దవి వేస్తే అది వారాల లెక్కన సాగే సంవత్సరం. జూన్‌లో పరీక్షించండి, అక్టోబర్‌లో పరీక్షించండి, పెద్దమనిషిలా ఉంటుంది. 2024 డిసెంబర్ 30 నాడు మాత్రం, ఆ వారంలోనే జనవరి ఒకటి ఉంది కదా అని, 2025 డిసెంబర్ 30 అని అచ్చేస్తుంది. ఏడాది ముందుకి గెంతిందన్నమాట. అందుకే అందరూ గోవాకి టికెట్లు కొనుక్కునే ఆ వారంలో డేటన్న సెలవు పెట్టడు. లాప్‌టాప్ ముందు కాపలా కాస్తాడు. ఏమీ జరక్కపోతే కొంచెం నిరాశపడతాడని నా అనుమానం.

జావాస్క్రిప్ట్ ఊసెత్తితే మంచినీళ్లు అడుగుతాడు. అందులో జనవరి సున్నాతో మొదలు, రోజులు మాత్రం ఒకటితో! పైగా "2025-08-15" అని ఉత్త తేదీ ఇస్తే గ్రీన్‌విచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది పదిహేనో తేదీ తెల్లవారుజాము 5:30, న్యూజెర్సీలో ఇంకా పద్నాలుగు రాత్రి 8. మన జెండా పండుగ అక్కడి స్క్రీన్ మీద ఒకరోజు ముందే వచ్చేస్తుంది.

"అన్నా, మరి పుట్టిన తేదీకి టైమ్‌జోన్ ఎందుకు?" అని మొన్న ఓ కొత్త పిల్ల అడిగింది. డేటన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అలా అడగాలమ్మా! పుట్టిన తేదీ ఎక్కడున్నా అదే తేదీ. దానికోసమే 2014లో జావా 8లో లోకల్‌డేట్ పెట్టారు. గడియారం తగిలించకు, మార్చకు, ముట్టుకోకు."

ఆయన పుట్టిన తేదీ కథ ఇంకోటి. వాళ్లమ్మగారి లెక్కన వినాయక చవితి ముందురోజు, జోరువానలో పుట్టాడు. బడిలో వేసేనాటికి అయిదేళ్లు నిండలేదు. హెడ్మాస్టరు గారు వాళ్ల నాన్న మొహం చూసి, జూన్ ఒకటని వేసేసి చేర్చుకున్నారు. ఆయనగారు టైమ్‌జోనూ చూడలేదు, ఫార్మాటూ చూడలేదు. ఆధార్, పాస్‌పోర్ట్, పీఎఫ్ అన్నీ ఇప్పుడు అదే పాట.

ఏటా ఆ రోజు హెచ్ఆర్ నుంచి బెలూన్ల బొమ్మతో మెయిల్ వస్తుంది, "06/01 పుట్టినరోజు శుభాకాంక్షలు" అని. ఈసారి కేకు కోయకముందే డేటన్న అందరికీ వెళ్లేలా జవాబు కొట్టాడు:

"ధన్యవాదాలు. కానీ తేదీలు ఇలా రాస్తే నేను జనవరి ఆరున పుట్టాననుకునే ప్రమాదం ఉంది. రికార్డులు సరిగ్గా ఉండటం ముఖ్యం. నేను పుట్టింది జూన్ ఒకటిన."