శిస్తు పద్దులకు అట్టనయ్యాను

ఒకప్పుడు నేను దూడతోలును. సున్నపునీళ్లలో నానబెట్టి, బిగలాగి, గీకి నన్ను పత్రంగా చేశారు. స్వీడన్‌లోని ఒక చర్చిలో, పూజలో పాడే లాటిన్ పాటల పుస్తకంలో నేనొక పుటను. ఎర్రసిరాతో నాలుగు గీతలు, వాటిమీద నల్లటి చదరపు గుర్తులు, కింద లాటిన్ మాటలు.

ఆ గీతలే నా గర్వం. తొలినాటి పుస్తకాల్లో గీతలు లేవు. పాట ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ దిగుతుందో గుర్తులు సూచించేవి, అంతే. ముందే నోటికి వచ్చినవాళ్లకు తప్ప అవి పనికొచ్చేవి కావు. పిల్లలు ఏళ్ల తరబడి పెద్దల దగ్గర విని నేర్చుకోవాల్సిందే. 11వ శతాబ్దంలో ఇటలీలో గ్విదో అనే సన్యాసి స్వరాలను గీతలమీద కూర్చోబెట్టి, ఎన్నడూ వినని పాటనైనా చూసి పాడే దారి చూపాడు. ఆ విద్య నా ఒంటిమీద ఉంది.

నాలో ఉన్నది ఈస్టర్ నాటి అల్లెలూయ. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలమంతా ఆ మాట పాడకూడదు గనుక నా పుట తెరిచేవాళ్లు కాదు. పండగనాడు తెరిచేవాళ్లు. అందరిదీ ఒకే వరస. తాళం లేదు, మాటల ఊపిరే నడక. చివరి అక్షరం దగ్గర మాట అయిపోయినా స్వరం ఆగేది కాదు. వరసగా ఎన్నో గుర్తులు ఆ ఒక్క అక్షరం మీదే సాగేవి. ఆనందానికి మాటలు చాలనప్పుడు మనిషి చేసే పని అదే.

1527లో వెస్టెరోస్ పట్టణంలో జరిగిన సభ తర్వాత చర్చి ఆస్తులు స్వీడన్ రాజు గుస్తావ్ వాసా చేతికి వచ్చాయి. మత సంస్కర్త లూథర్ బోధ వ్యాపించింది, పూజ క్రమంగా స్వీడిష్‌లోకి మారింది. జనం తమ భాషలో పాడుకోవడం మీద నాకు కోపం లేదు. నా కోపం కత్తి మీద. శిస్తు వసూలు చేసే రాజోద్యోగులకు పద్దుపుస్తకాలకు గట్టి అట్టలు కావాలి. తోలు గట్టిది, పైగా ఊరికే దొరికింది. నన్ను పుస్తకం నుంచి కోశారు. కొలత సరిపోలేదని అంచున ఉన్న మొదటి అక్షరాన్ని సగానికి తెగ్గొట్టారు. గుర్తుల మీదుగానే జిల్లా పేరు, సంవత్సరం రాశారు. లోపల వెన్న, ధాన్యం, తోళ్ల లెక్కలు. నా పాట వాటిని చుట్టుకుని ఉండిపోయింది. ఎవరూ పాడలేదు. నన్ను తిరగేసిన చేతులన్నీ అంకెల కోసమే వచ్చాయి.

దాదాపు వందేళ్లపాటు ఇలాగే సాగింది. ఇప్పుడు స్టాక్‌హోంలోని జాతీయ అభిలేఖాగారంలో నాలాంటి ముక్కలు 20 వేలకు పైగా ఉన్నాయి. ఒకే పుస్తకం పుటలు వేర్వేరు జిల్లాల పద్దుల మీద దొరుకుతుంటే, చేతిరాత పోల్చి పండితులు జత కలుపుతున్నారు. నా అల్లెలూయలో పక్క పుటమీదున్న మిగతా సగం ఇంకా దొరకలేదు.

మా ఫొటోలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. చూసి ఊరుకోకండి. ఈ గుర్తులు చదవడం వచ్చినవాళ్లు మీకు తెలిసి ఉంటే, ఉన్నంతవరకైనా నన్ను పాడమనండి.