ముంజేతి కంకణానికి టీక

మూలం

"8,214 అడుగులు. 5.95 కి.మీ. 318 కేలరీలు. భేష్!"

అవతారిక

మా బావగారు విశాఖలో ఉంటారు. రెండేళ్ల కిందట కూతురు పంపిన ఫిట్‌నెస్ వాచీ ఒకటి ఆయన ముంజేతికి ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడు జంధ్యం కన్నా జాగ్రత్తగా దాన్ని చూసుకుంటారు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డుకు వెళ్లి, ఎండెక్కేసరికి తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విడవకముందే చెయ్యెత్తి వాచీలో వెలిగినదాన్ని పైకి చదువుతారు. మొన్న చదివింది పై వాక్యం. చదివి ఊరుకోలేదు. "318 కరిగించాను, పెసరట్టులో ఉప్మా కూడా పెట్టు" అన్నారు.

మా అక్కయ్య నావైపు తిరిగి, "నువ్వు చదువుకున్నవాడివి కదరా, ఇందులో నిజమెంతో తేల్చు. ఉప్మా సంగతి తర్వాత చూస్తాను" అంది. ఈ టీకకు ప్రేరణ అదే. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నారు పెద్దలు. కంకణమే అద్దమైన కాలంలో టీక అవసరమైంది.

ప్రతిపదార్థం

8,214 = ఎనిమిది వేల రెండు వందల పద్నాలుగు; అడుగులు = పాదన్యాసములు. ఇక్కడ శ్లేష ఉంది. తెలుగులో అడుగంటే పన్నెండు అంగుళాల కొలత కూడా. ఆ అర్థం తీసుకుంటే 8,214 అడుగులు రెండున్నర కిలోమీటర్లే అవుతాయి, పక్కనున్న 5.95తో పొసగదు. కాబట్టి ప్రకరణాన్ని బట్టి నడిచే అడుగే గ్రాహ్యం. గిన్నె అడుగనే మూడో అర్థం ఉప్మా దశలో వస్తుంది, ఇప్పుడు అప్రస్తుతం.

కేలరీలు = ఉష్ణపరిమాణ విశేషములు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసింది ఒక కిలోకేలరీ. తిండి లెక్కల్లో, వాచీల్లో 'కిలో' మింగేసి ఉత్త కేలరీ అంటారు. లాటిన్‌లో వేడిని చెప్పే మాట నుంచి పుట్టిందని పాశ్చాత్యుల నిరుక్తం. మనవాళ్లు ఇంకోలా సాధించవచ్చు: కేలు + అరి = కేలరి, ఉత్వసంధి. కేలంటే చెయ్యి, అరి అంటే శత్రువు. పళ్లెం మీదికి పోయే చేతిని ఆపేది. తెలుగు మాటను సంస్కృతపు మాటతో కలిపితే వైరిసమాసం కదా అని వైయాకరణులు ఆక్షేపిస్తారు. శత్రువుతో చేసిన సమాసం వైరిసమాసం కాక ఏమవుతుంది?

భేష్ = దీని సంగతి చివర.

టీక

మొదట అడుగులు. వాచీకి కాళ్లు కనబడవు. దానికి తెలిసింది చెయ్యి. లోపల మూడు దిక్కుల్లోనూ కదలికను పట్టే చిన్న ముక్క ఒకటుంది. చెయ్యి లయగా ఊగితే, ఆ లయ నడకకు సరిపోతే, ఒక్కో ఊపునూ అడుగుగా రాసుకుంటుంది. తిన్నగా, చేతులూపుతూ నడిచేవాడి విషయంలో ఈ లెక్క బాగానే కుదురుతుంది. కానీ బావగారు తిరుగుదారిలో రైతుబజారుకు వెళతారు. వాచీ ఉన్న చేత్తో కూరల సంచి పట్టుకుంటే ఆ చెయ్యి ఊగదు. సొరకాయ మోసిన అడుగుల్లో చాలావాటికి లెక్కే లేదు. సాయంత్రం భజనలో కొట్టిన చప్పట్లలో కొన్ని మాత్రం అడుగులై చేరిపోతాయి. భక్తి ఖాతాలోది నడక ఖాతాలో జమ.

పదివేలు దాటలేదని బావగారు వాపోతుంటారు కనుక ఆ పదివేలకు మూలం చెప్పాలి. అది ఏ వైద్యశాస్త్రమూ విధించింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు అమ్ముతూ దానికి 'మాన్‌పో-కెయి' అని పేరు పెట్టింది. అంటే పదివేల అడుగుల మీటరు. వాళ్ల లిపిలో పదివేలు అనే అక్షరం నడుస్తున్న మనిషిలా కనబడుతుందని చెబుతారు. ఆ లెక్కన ఇది చిత్రకవిత్వం. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల రేటు తగ్గుదల కనిపించింది, 7,500 దగ్గర ఆ లాభం నిలిచిపోయింది. ఇది చెబితే బావగారు, "అది ఆడవాళ్లకు" అన్నారు.

ఇక దూరం. ఇక్కడ పాఠాంతరం ఉంది. ఆ రోజు అక్కయ్య కూడా పక్కనే నడిచింది. ఆమె చేతిసంచిలోని ఫోను 5.6 అంది. ఒకే దంపతులు, ఒకే దారి, రెండు ప్రతులు. ఏది శుద్ధప్రతి?

వాచీ దూరాన్ని రెండు దారుల్లో చెబుతుంది. ఆకాశంలో 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలను అడిగి చెప్పడం ఒకటి. అడుగుల సంఖ్యను అడుగు పొడవుతో గుణించి చెప్పడం రెండోది. ఒకవైపంతా సముద్రమే గనుక బీచ్ రోడ్డు మీద మొదటి దారి మేలు. అయినా అది కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ తడబడుతుంది. ఆ తడబాటు చుక్కలన్నిటినీ కలుపుతూ గీత గీస్తే తిన్నని దారి కూడా వంకరపోయి పొడుగవుతుంది. మలుపుల దగ్గర చుక్కకూ చుక్కకూ మధ్య అడ్డంగా కోసేసి పొట్టిదీ అవుతుంది. వానాకాలంలో బావగారు మేడ మీదే అటూ ఇటూ తిరుగుతారు. నలభై అడుగుల మేడ మీద నాలుగైదు మీటర్ల తడబాటంటే, ఉపగ్రహం దృష్టిలో ఆయన పక్కింటి కొబ్బరిచెట్టు మీద కూడా కొంతసేపు నడిచినట్టే.

బావగారి వాచీ చవకరకం, దానికి సొంత ఉపగ్రహ విద్య లేదు. కాబట్టి రెండో దారే. మరి అడుగు పొడవు దానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మనిషి ఎత్తులో సుమారు 41 శాతం ఒక అడుగని ఊహించుకుంటుంది. ఎత్తు ఎవరు చెప్పారు? బావగారే చెప్పారు. 175 సెంటీమీటర్లని. గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తిమీద పంచాంగం పెట్టి కొలిస్తే 170. ఆ అయిదు సెంటీమీటర్ల ఆత్మగౌరవం అడుగుకు రెండు సెంటీమీటర్లయి, 8,214 అడుగులకు 170 మీటర్లయింది. మూలంలోని 5.95లో అంత భాగం ప్రక్షిప్తం.

పూలమ్మి దగ్గర మూర పూలు కొన్నవారికి ఇది కొత్త కాదు. మూర ఆమె చేతిది, తల మనది. వాచీ మూర మనం చెప్పిన చేతిది, అంతే తేడా.

ఈ శాస్త్రంలో పూర్వాచార్యుడొకాయన ఉన్నాడు, ఆయన్ను తలచుకోకుండా ముందుకు పోవడం తప్పు. కుమావూఁ కొండల నైన్‌సింగ్ రావత్. 1865లో సర్వే శాఖ పంపగా యాత్రికుడి వేషంలో ల్హాసా దారి పట్టాడు. చేతిలో జపమాల. అందులో 108 పూసలకు బదులు నూరే ఉన్నాయి. నూరు అడుగులకు ఒక పూస జరిపేవాడు. ఎత్తయినా పల్లమైనా అడుగు పొడవు మారకుండా నడవడం ముందే సాధన చేశాడు. భేదం గమనించండి: ఆయన తన అడుగును కొలతకు తగ్గట్టు దిద్దుకున్నాడు. మన అడుగు ఆయన అడుగంత నిలకడైందని వాచీ నమ్ముతుంది. కుక్క వెంటబడినప్పుడు కూడా.

ప్రమాణ విచారం

318 దగ్గర శాస్త్రం చిక్కబడుతుంది. ఒంట్లో ఎంత ఖర్చయిందో సరిగ్గా తెలియాలంటే ముక్కుకూ నోటికీ మాస్కు బిగించి, పీల్చిన ప్రాణవాయువెంత, వదిలిన బొగ్గుపులుసు వాయువెంత అని కొలవాలి. వాచీకి ఊపిరి తెలియదు. దానికి ప్రత్యక్షం రెండే: చేతి ఊపు, చర్మం కింద పచ్చని కాంతి వేసి చూసే నాడి. వాటి మీద అనుమాన ప్రమాణం. దాని మీద, ఇంతటి వాళ్లు ఇలా నడిస్తే ఇంత ఖర్చవుతుందనే ఉపమాన ప్రమాణం. అన్నిటికీ అడుగున శబ్దప్రమాణం, అంటే వయసూ ఎత్తూ బరువూ గురించి బావగారి నోటి మాట.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల పరికరాలను 60 మందికి కట్టి, నడిపించి, సైకిలు తొక్కించి చూశారు. నాడి విషయంలో ఏడింట ఆరు అయిదు శాతం లోపు తప్పుతోనే చెప్పాయి. కేలరీల విషయంలో అన్నిటికన్నా మంచిది సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా చెడ్డది 93 శాతం. కాబట్టి ఆలంకారికుల తీర్పు ఇది: నాడి స్వభావోక్తి, దూరం అతిశయోక్తి, కేలరీ ఉత్ప్రేక్ష.

ఇందులో బావగారికి తెలియకుండా జరిగిన అన్యాయం ఒకటుంది. బరువు 72 అని రాసుకున్నారు, నిజానికి 79. బరువైన ఒళ్లు మోయడానికి ఖర్చెక్కువ. నిజం ఒప్పుకుని ఉంటే అదే నడకకు ఇంకో ముప్ఫై కేలరీలు వాచీయే ఇచ్చేది. ఎత్తులో ఆడిన అబద్ధం దూరం పెంచింది, బరువులో ఆడినది ఉప్మా తగ్గించింది.

ఆక్షేపం: "మరి నిన్న లేచేసరికే 380 చూపించింది, నడవకముందే!" అని బావగారు. సమాధానం: అది మరో గడి. నడకతో పని లేకుండా గుండె, మెదడు, కాలేయం నడవడానికి ఒళ్లు పెట్టే ఖర్చు. 1990 నాటి మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రంలో ఆయన రాసుకున్న అంకెలు వేస్తే రోజుకు 1,530 చిల్లర, అంటే గంటకు 64. అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా గురక పెట్టినందుకు 380. మొత్తం ఖర్చు వేరు, కదిలినందుకైన ఖర్చు వేరు. మొదటిది చూపించి ఉప్మా అడగరాదు.

"మొత్తం మీద 318తో ఏమొస్తుంది?" అని అక్కయ్య. నాలుగున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. "అయితే రేపట్నుంచి గీజరు వెయ్యను" అంది.

మళ్లీ ఆక్షేపం: ఇన్ని తప్పులుంటే వాచీ అసత్యమేనా? కాదు. పూలమ్మి మూర పొట్టిదే కావచ్చు, కానీ రోజూ అదే చెయ్యి. నిన్నటి మూర కన్నా ఇవాళ్టిది పెద్దదా చిన్నదా అని చెప్పడానికి అది చాలు. బావగారి నిన్నటినీ ఇవాళ్టినీ పోల్చవచ్చు. బావగారిని అక్కయ్యతో పోల్చరాదు. బావగారిని పెసరట్టుతో పోల్చడం అస్సలు కూడదు.

భేష్ = ఇది అర్థవాదం. మీమాంసకుల మతంలో స్తుతివాక్యానికి తన అర్థంలో ప్రామాణ్యం లేదు, మనిషిని పనికి పురికొల్పడమే దాని ప్రయోజనం. 2,000 నడిచినా అది భేషనే అంటుంది.

విశేషం

తాళపత్రాలు రాసిన లేఖకులు చివర, తప్పులుంటే మన్నించమని రాసుకునేవారు. వాచీ పెట్టె వెతికి తీస్తే, అడుగున మడతల్లో నలిగిన కాగితం మీద చీమతలల అక్షరాల్లో అదే ఉంది: ఇది వైద్య పరికరం కాదు, అంకెలు అంచనాలు మాత్రమే. బావగారు కళ్లజోడు లేదన్నారు. అక్కయ్య తెచ్చి పెట్టింది. ఆయన చదివి, మడిచి, పెట్టెలో పెట్టి, "ఇంతకీ ఉప్మా?" అన్నారు.

"అంచనాగా పెడతాను" అని అక్కయ్య వంటింట్లోకి వెళ్లింది.