ముఖాన అడిగేవాళ్లు మూలకు పోయినారు

మా రోజుల్లో ఆడమనిషికి కోపం వస్తే వీధి మొత్తానికీ తెలిసేది. నేను పుంగనూరులో జాబులు పంచే కాలంలో కొళాయి కాడ బిందెల వరుస ఎవడన్నా తప్పితే, వాడు ఎంత పెద్దింటోడైనా సరే, వాడి బిందె తీసి పక్కన పెట్టి నాలుగు మాటలు కడిగేవాళ్లు. మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరే ఆడకూలీల నోటికి మండీ యజమానులే జంకేవాళ్లు. మా పడమటి మండలాల ఆడవాళ్ల మాట అట్లాంటిది.

వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ ఇప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపులో ఏం రాస్తున్నారో చూడండి. "తప్పుగా అనుకోవద్దన్నా", "నాకు తెలిసినంతలో చెప్తున్నా", చివర చేతులు జోడించిన బొమ్మ. నీళ్ల ట్యాంకరు రాలేదని చెప్పడానికి ఇన్ని మన్నింపులెందుకమ్మా? అదే గ్రూపులో మగవాళ్లు "రేపు అందరూ రావాల", "ఇది తప్పు, తెలుసుకో" అని ఆజ్ఞలు వేస్తారు. ఆడపిల్ల గట్టిగా ఒక మాట రాస్తే "ముందు మీ ఆయన్ను మాట్లాడమను" అని జవాబొస్తుంది. కొళాయి కాడ ఆ మాట అనే ధైర్యం ఎవడికీ లేదు. చుట్టూ పదిమంది ఆడవాళ్లుంటారు, సాయంత్రానికి వాడి అమ్మ చెవిన పడుతుంది. ఫోనులో అందరూ చదువుతారు, ఒక్కరూ అడ్డం రారు.

నాడు జాబుల్లో మర్యాద లేదా అంటే, ఉండేది. రాయడం రాని ఆడవాళ్లకు నేనే రాసిపెట్టేవాణ్ణి. మొగుడికి జాబంటే పైన పాదాలకు నమస్కారం తప్పదు. దాని కింద మాత్రం "పంపిన దుడ్లు చాల్లేదు, మిగతావి ఏం చేసినావో రాయి" అని నిలదీసేవాళ్లు. ఆవు ఈనడం, చీటీపాట, అత్త కీళ్లనొప్పులు, అన్నీ చెప్పి చోటు చాలక మడతల్లో కూడా రాయించేవాళ్లు. మగవాళ్ల జాబు నాలుగు ముక్కల్లో అయిపోయేది: క్షేమం, మనియార్డరు పంపినాను, అందినట్టు రాయి. ఆడ మాటకూ మగ మాటకూ తేడా అప్పుడూ ఉంది. ఆడవాళ్లది నిండుగా ఉండేది, భయం ఉండేది కాదు.

ఈ సంగతి మన దగ్గరిదే కాదు. అమెరికాలో రాబిన్ లేకాఫ్ అనే భాషావేత్త 1975లోనే రాసింది, ఆడవాళ్ల మాటల్లో సందేహమూ వినయమూ ఎక్కువగా వినపడటానికి కారణం సమాజం వాళ్లకు అధికారం ఇవ్వకపోవడమేనని. 1990లలో సూసన్ హెరింగ్ అనే ఇంకో భాషావేత్త కంప్యూటర్ల మీద సాగే చర్చల్ని పరిశీలించింది. మగవాళ్లు పొడుగ్గా, ఖండిస్తూ రాస్తారు, ఆడవాళ్లు థాంక్స్ చెప్తారు, ఎదుటివాళ్లను బలపరుస్తారు అని తేల్చింది. అది చదివినప్పుడు మా గ్రూపే కళ్లముందు కనపడింది. పైగా మన దగ్గర ఫోను చేతికి రావడమే కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం.

కుప్పంలో చదువుకునే మా మనవరాలు చెప్పింది ఒకటుంది. తెలుగులో "చెప్తున్నాను", "చూస్తున్నాను" అంటే రాసింది ఆడో మగో తెలియదు, హిందీలో అయితే క్రియే పట్టిస్తుంది. తను నెట్‌లో చర్చల్లో పూల బొమ్మ పెట్టుకుని పొట్టి పేరుతో రాసినన్నాళ్లూ "బ్రో" అంటూ విషయం మీదే వాదించినారంట. అమ్మాయని తెలిసిన రోజు నుంచి ఎవరికీ విషయం అక్కర్లేదు. తన ఫోటో కావాల, ఊరు కావాల, "నీకెందుకమ్మా ఇవన్నీ" అనే సుద్దులు చెప్పాల. ఆ పిల్ల రాయడం మానేసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది మదనపల్లె సీమ! 1919లో టాగూరు ఇక్కడ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చినాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పాటకు స్వరలిపి కుదిర్చిన మార్గరెట్ కజిన్స్ అంతకు రెండేళ్ల ముందే, 1917లో, మద్రాసులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపనలో పాలుపంచుకుని ఆడవాళ్లకు ఓటు కావాలని అడిగింది. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆ హక్కు వచ్చింది. నూరేళ్లు దాటినాక ఓటున్న ఆడమనిషి ట్యాంకరు గురించి అడగడానికి దండాలు పెట్టాలా?

గొంతు పోయిందని నేను అనను. మా కోడలి పొదుపు సంఘం గ్రూపులో ఎవరూ టైపు చేయరు, వాయిస్ మెసేజీలే. కుప్పం పక్క ఆమె తెలుగులో మొదలుపెట్టి, కోపమొచ్చేసరికి అరవంలోకి దూకుతుంది. నవ్వులు, లెక్కలు, తిట్లు, అన్నీ ఉంటాయి. కానీ నీళ్లు, రోడ్డు, రేషను తేలేది పెద్ద గ్రూపులోనే, అక్కడ వీళ్లు మూగ.

మొన్న వీధి దీపాల గురించి మా కోడలు రాస్తే ఎవరూ పలకలేదు. అవే మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా, మా వాడి ఫోను నుంచి పోతే "కరెక్టన్నా" అని వరసగా బొటనవేళ్లు లేచినాయి. ఆ మాటలు నా కోడలివని అక్కడే రాసినాను. ఎవరూ బదులియ్యలేదు. అడ్మిన్ ఇల్లు నాకు తెలుసు, ఆదివారం పోయి ముఖానే అడుగుతాను.